పిండి కొద్దీ రొట్టె

కొన్నేళ్ల క్రితం మాట. మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఒక మిత్రుడి ఇంట్లో వాళ్ల బాబు పుట్టినరోజు. పాతికమంది పెద్దలం, పదిహేనుమంది పిల్లలు. పాట అయింది, కొవ్వొత్తులు ఊదడం అయింది, కేకు కోసి ముక్కలు పంచుతున్నారు. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. తన వంతు వచ్చేసరికి చేతులు వెనక్కి పెట్టుకుని, "వద్దాంటీ, నాకు కేకంటే ఇష్టం లేదు" అంది. అది శుద్ధ అబద్ధం. కేకంటే తనకి ప్రాణమని నాకు తెలుసు. ఆవిడ చాలా మంచి మనిషి, ప్రేమగా గడ్డం పట్టుకుని, "ఒక్క ముక్కకి ఏమవుతుందమ్మా?" అంది. పిల్ల నా వైపు చూసింది. నేనేమో నేల చూపులు చూశాను.

అప్పటికి మూడు వారాల క్రితమే మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి ఉందని తేలింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులో పడితే, శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ పొరపాటుపడి తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడకి తివాచీ నూలులాగా ఉండే సన్నటి బుడిపెలు అరిగిపోయి చదునైపోతాయి. తిన్నది ఒంటబట్టదు. ఏడాదిన్నరగా పిల్ల ఎత్తు పెరగకపోవడం, కడుపునొప్పి, ముఖం పాలిపోవడం అన్నింటికీ కారణం అదేనని అప్పుడు తెలిసింది. అంతకుముందు ఇద్దరు ముగ్గురు డాక్టర్లు "స్కూలుకి ఎగనామం పెట్టే నొప్పి" అని తేల్చేశారు. చుట్టాలు బలానికని మాల్టు పొడి సీసాలు తెచ్చిచ్చారు. మాల్టంటే మొలకెత్తించిన బార్లీ అని నాకప్పుడు తెలియదు. రోగానికి రోజూ రెండు చెంచాల చొప్పున మేమే మేత వేశామన్నమాట!

నేను డాక్టరుని కాను, చరిత్రకారుణ్ణి అంతకన్నా కాను. కాకినాడలో ఇంజనీరింగు చదివి, ఇరవై ఏళ్లుగా కోడు రాసుకుంటున్నవాణ్ణి. అయితే మా వృత్తిలో ఒక మంచి అలవాటుంది. బగ్గు దొరికితే అది ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది, ముందు ఎవరు చూశారు అని వెనక్కి తవ్వుకుంటూ పోతాం. ఆ రాత్రి "ఒక్క ముక్కకి ఏమవుతుంది?" అన్న ప్రశ్నకి జవాబు వెతకడం మొదలుపెట్టాను. తవ్వగా తవ్వగా తేలిన కథ ఈ మహాసభల సంచికలో మీతో పంచుకోదగ్గదనిపించింది.

రొట్టె ఇచ్చి, అన్నం వద్దన్న వైద్యుడు

ఈ జబ్బు కొత్తదేం కాదు. క్రీస్తు తర్వాత రెండో శతాబ్దంలో కపడోసియాకి చెందిన ఆరిటియస్ అనే గ్రీకు వైద్యుడు, తిన్నది అరగకుండా పోయి మనిషి చిక్కి శల్యమయ్యే ఒక రోగాన్ని వర్ణించాడు. గ్రీకులో పొట్టని కొయిలియా అంటారు. సీలియాక్ అన్న పేరు అక్కణ్ణించే వచ్చింది. తర్వాత చాలాకాలానికి, 1887లో లండన్‌లో శామ్యూల్ గీ అనే పిల్లల వైద్యుడు ఈ జబ్బు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. మరుసటి ఏడాది అది అచ్చయింది. దీనికి వైద్యమంటూ ఉంటే అది ఆహారంలోనే ఉండాలని ఆయన సరిగ్గానే పసిగట్టాడు. కానీ ఏ ఆహారమో పట్టుకోలేకపోయాడు. పిండి పదార్థాలు తగ్గించమంటూ అన్నం, సగ్గుబియ్యం పనికిరావన్నాడు. పల్చగా కోసి రెండు వైపులా బాగా కాల్చిన రొట్టె మాత్రం పర్వాలేదన్నాడు! సరిగ్గా తిరగేసి చెప్పాడు పాపం. మన గోదావరి జిల్లాల వాళ్లెవరైనా ఆ సభలో ఉంటే బాగుండేదనిపిస్తుంది.

1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు అరటిపళ్ల వైద్యం మొదలుపెట్టాడు. రొట్టె, బంగాళాదుంప లాంటివి మానిపించి పిల్లలకి అరటిపళ్లు పెట్టాడు. పిల్లలు తేరుకున్నారు. అరటిపండులోనే ఏదో మహిమ ఉందని ఆయన నమ్మాడు. నిజానికి మేలు చేసింది పెట్టిన అరటిపండు కాదు, మానిపించిన రొట్టె. బాగుపడ్డారు కదా అని మళ్లీ రొట్టె మొదలుపెట్టిన పిల్లలు మళ్లీ జబ్బుపడేవారు. మా సాఫ్ట్‌వేరు వాళ్లకి ఇది బాగా తెలిసిన తంతే. ఒకేసారి రెండు మార్పులు చేసి, తప్పు దేనివల్ల పోయిందో తెలియక రెండోదానికి దండ వేస్తాం.

అసలు దొంగని పట్టుకున్నవాడు హాలండు దేశపు పిల్లల వైద్యుడు విలెమ్ డికె. హేగ్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తూ, రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఆయన గోధుమని అనుమానించాడు. 1944–45 చలికాలంలో హాలండులో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరక్క జనం అలమటించారు. దేశమంతా చిక్కిపోతున్న ఆ రోజుల్లో డికె దగ్గరున్న సీలియాక్ పిల్లల తీరు ఆయన అనుమానాన్ని గట్టిపరిచింది. యుద్ధం అయ్యాక ఒక్కొక్క ధాన్యం తీసేస్తూ, మళ్లీ పెడుతూ ఓపిగ్గా పరీక్షలు చేసి, 1950లో తన పరిశోధన గ్రంథంలో ఆ ఫలితాలు రాశాడు.

గోధుమ అని తెలిసింది. గోధుమలో ఏమిటి? ఇక్కడే మన ఆస్ట్రేలియా కథలోకి వస్తుంది. షార్లట్ ఆండర్సన్ 1915లో మెల్‌బోర్న్‌లో పుట్టిన వైద్యురాలు. 1950 తర్వాత ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పనిచేస్తూ, తోటి పరిశోధకులతో కలిసి గోధుమ పిండిని కడిగి గంజి పదార్థాన్ని, గ్లూటెన్‌ని వేరుచేశారు. గంజి భాగం పెడితే పిల్లలకి ఏమీ కాలేదు, గ్లూటెన్ పెడితే జబ్బు తిరగబెట్టింది. 1952లో ఆ సంగతి ప్రకటించారు. ఆవిడ తర్వాత మెల్‌బోర్న్ తిరిగొచ్చి ఇక్కడి రాయల్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో ఎందరో పిల్లల్ని బాగుచేశారు. 1968లో మళ్లీ బర్మింగ్‌హామ్ వెళ్లి, బ్రిటన్‌లో పిల్లల వైద్యానికి తొలి మహిళా ప్రొఫెసరు అయ్యారు. 2002లో కన్నుమూశారు.

పిండిని కడిగి వేరుచేయడం ఆవిడతో మొదలైంది కాదు. 1728లోనే ఇటలీలోని బొలోనాలో బెక్కారి అనే శాస్త్రజ్ఞుడు గోధుమ పిండి ముద్దని నీళ్లలో పిసికి తెల్లటి పాలు ఒక పక్కకి, జిగట ముద్ద ఒక పక్కకి తీశాడు. మన విశాఖ వైపు వాళ్లకి ఇది వింతేమీ కాదు. మాడుగుల హల్వాకి గోధుమలు నానబెట్టి రుబ్బి పాలు తీయడం చూసినవాళ్లే కదా.

ఆస్ట్రేలియా తొలి రొట్టె గోధుమది కాదు

ఇంతకీ కేకు సంగతి. మనం వచ్చి స్థిరపడిన ఈ దేశంలో పొయ్యిలో కాల్చిన మొదటి రొట్టె ఏమిటని వెతికితే నాకు ఆశ్చర్యం వేసింది. న్యూ సౌత్ వేల్స్‌లో కడీ స్ప్రింగ్స్ అనే చోట దొరికిన తిరగలి రాళ్లు సుమారు 30,000 ఏళ్ల నాటివని పురాతత్త్వ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఈ నేల ఆదివాసులు అడవిగడ్డి గింజలు నూరి, తడిపి, నిప్పుల బూడిదలో కాల్చుకుని తినేవారు. ఆ గింజల్లో ముఖ్యమైనది ఇక్కడి అడవి చిరుధాన్యం. అది మన సామలకి దగ్గర చుట్టం, శాస్త్రీయంగా ఒకే కుటుంబం. అందులో గ్లూటెన్ లేదు. ఈమధ్య, 2020లో, సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ గింజల్ని మళ్లీ పండించి పిండి పట్టే వీలుందా అని స్థానిక ఆదివాసీ సమాజంతో కలిసి అధ్యయనం చేశారు.

గోధుమ 1788లో తెల్లవాళ్ల ఓడల్లో వచ్చింది. పశువులు తోలుకుంటూ నెలల తరబడి తిరిగే కాపరులకి పిండి, నీళ్లు కలిపి నిప్పుల్లో కాల్చిన 'డాంపర్' రొట్టే అన్నమైంది. వందేళ్లలో గోధుమ ఈ దేశపు సిరి అయింది. మేలురకం గోధుమ వంగడాలు తయారుచేసిన విలియమ్ ఫారర్ బొమ్మని 1966 నుంచి 1988 దాకా చలామణి అయిన రెండు డాలర్ల నోటు మీద గోధుమ కంకులతో సహా అచ్చువేశారు. మరి అలాంటి దేశంలో గోధుమ తినలేని పిల్లకి పండగ ఏముంటుంది?

ఉంది. అదీ ఈ దేశపు జాతీయ మిఠాయి అనదగ్గది. పావ్‌లోవా! రష్యన్ నర్తకి అన్నా పావ్‌లోవా 1926లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో ప్రదర్శనలిచ్చింది. ఆవిడ పేరు మీద వెలిసిన ఈ తీపి మాదంటే మాదని రెండు దేశాలూ ఇప్పటికీ తగువులాడుకుంటాయి. పెర్త్ నగరంలోని ఎస్ప్లనేడ్ హోటల్లో బర్ట్ సాక్సీ అనే వంటవాడు 1935లో కనిపెట్టాడని ఆస్ట్రేలియావాళ్లు అంటారు. అంతకుముందే మా పుస్తకాల్లో ఉందని న్యూజిలాండ్ వాళ్లు అంటారు. అక్కడి ఒటాగో విశ్వవిద్యాలయంలో హెలెన్ లీచ్ అనే ఆవిడ దీనిమీద ఏకంగా పుస్తకమే రాసి 2008లో ప్రచురించారు. పూతరేకులు మావంటే మావని మనవాళ్లు వాదులాడుకోవడం లాంటిదే! ఎవరిదైనా సరే, అందులో ఉండేది గుడ్డు తెల్లసొన, పంచదార, కాస్త వెనిగర్, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్. పైన మీగడ, పళ్లు. గోధుమ అక్కర్లేదు.

ఇక్కడి కాఫీ హోటళ్లలో గాజు గిన్నె కింద కనిపించే 'పిండి లేని ఆరెంజి కేకు' ఇంకొకటి. కైరోలో పుట్టిన క్లాడియా రోడెన్ 1968లో వచ్చిన తన మధ్యప్రాచ్య వంటల పుస్తకంలో ఈ రకం కేకుని లోకానికి పరిచయం చేసింది. స్పెయిన్ మూలాలున్న యూదుల ఇళ్ల వంట అది. కమలాపళ్లని తొక్కతో సహా ఉడకబెట్టి మెత్తగా రుబ్బి, బాదంపొడి, గుడ్లు, పంచదార కలిపి కాల్చడమే. ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చిందో చూడండి ఆ కేకు.

అందరికీ తెలిసిన లామింగ్టన్, ఆన్‌జాక్ బిస్కెట్ల సంగతి వేరు. 1896 నుంచి 1901 వరకు క్వీన్స్‌లాండ్ గవర్నరుగా ఉన్న లామింగ్టన్ ప్రభువు పేరు పెట్టుకున్న మొదటిది గోధుమ పిండి కేకు. అయితే మెత్తటి కేకు బదులు బియ్యప్పిండి, బాదంపొడితో చేసిన కేకు వాడితే చాక్లెట్టు, కొబ్బరి కోరు ఆ తేడా కనిపించనివ్వవు. ఆన్‌జాక్ బిస్కెట్లలో గోధుమతో పాటు ఓట్స్ కూడా ఉంటాయి. ఇక్కడి చట్టం ప్రకారం ఓట్స్ ఉన్న ఏ పదార్థానికీ గ్లూటెన్ లేనిదన్న చీటీ తగిలించకూడదు. అమెరికాలో, ఐరోపాలో అలా కాదు. అక్కణ్ణించి వచ్చే బంధువులు తెచ్చే పొట్లాలు ఈ ఒక్క విషయంలో చూసి తీసుకోవాలి.

జన్యువు వెంట వచ్చింది, తిండి రాలేదు

ఇప్పుడు మన గడప లోపలికొద్దాం. సీలియాక్ ఉన్నవాళ్ల తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఆ జబ్బు ఉండొచ్చని, మమ్మల్నీ పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ చెప్పింది. మా ఆవిడకి లేదు. నాకు ఉంది! పదేళ్లుగా ఐరన్ మాత్రలు మింగినా పోని రక్తహీనత, సాయంత్రమయ్యేసరికి ఉబ్బే పొట్ట, "ఆఫీసు ఒత్తిడి" అని నాకు నేనే చెప్పుకున్న నీరసం, అన్నీ అందుకే.

"మన వంశంలో ఎవరికీ లేదురా, నీకెలా వచ్చింది?" అంది మా అమ్మ ఫోన్లో. మంచి ప్రశ్నే. 2016లో మన దేశంలోని వైద్యులు ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో దానికి జవాబు దొరికింది. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో మొత్తం 23,331 మందిని పరీక్షించారు. ఉత్తరాన వెయ్యిమందిలో ఎనిమిది మందికి పైగా ఈ జబ్బు కనిపించింది. దక్షిణాన పదివేలమందిలో ఒకరికి. ఇంత తేడా ఉంటే జన్యువుల్లోనే తేడా ఉందనుకుంటాం. కానీ ఈ జబ్బుకి అవసరమైన డీక్యూ2, డీక్యూ8 రకం జన్యువులు ఉత్తరాదివాళ్లలోనూ దక్షిణాదివాళ్లలోనూ ఇంచుమించు ఒకే పాళ్లలో ఉన్నాయి, వందకి 36 నుంచి 38 మందిలో. తేడా అంతా తినే గోధుమలో ఉంది. ఉత్తరాన రోజుకి సగటున 455 గ్రాములైతే దక్షిణాన 25 గ్రాములు.

ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. జన్యువు ఉన్న ప్రతివాళ్లకీ జబ్బు రాదు, అది వేరే సంగతి. కానీ మా భాషలో చెప్పాలంటే బగ్గు కోడులో మొదట్నించీ ఉంది, దాన్ని తట్టిలేపే ఇన్‌పుట్టే రాలేదు. అమలాపురం దగ్గర మా పల్లెటూళ్లో మూడు పూటలా అన్నమే. చద్దన్నం, ఇడ్లీ, దిబ్బరొట్టె, అట్టు, అన్నీ బియ్యం, మినుములే. అమెరికా నుంచి పీఎల్ 480 పథకం కింద ఓడల్లో వచ్చిన గోధుమల గురించి, బళ్లో పెట్టిన గోధుమరవ్వ ఉప్మా గురించి మా అమ్మ కథలుగా చెప్పేది. మా చిన్నప్పుడు ఇంట్లో రాత్రి చపాతీ చేస్తున్నారంటే ఎవరికో షుగరు వచ్చిందని అర్థం. నేను 2007లో మెల్‌బోర్న్ వచ్చాను. పొద్దున టోస్టు, మధ్యాహ్నం సాండ్‌విచ్చి, రాత్రి ఓపిక లేకపోతే పాస్తా. మా అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ ఆ తిండి మీదే. జన్యువు మాతోపాటు విమానం ఎక్కింది, దాన్ని నిద్రపుచ్చిన అన్నం ఎక్కలేదు.

ఇంగువ డబ్బాలో గోధుమ

రోగం తెలిశాక వైద్యం ఒక్కటే. జీవితాంతం గ్లూటెన్ మానేయడం. మందు లేదు. మెల్‌బోర్న్ పరిశోధకుల కృషితో తయారైన ఒక టీకా మీద ఆశలు పెట్టుకున్నాం. 2019లో ఆ ప్రయోగం ఫలించక ఆపేశారు.

మానేయడమంటే చపాతీ, పూరీ మానేయడమేగా అనుకున్నాను. ఇంట్లో సోదా చేస్తే తెలిసింది. మనం వాడే ఇంగువ డబ్బా తిప్పి చదవండి. చాలావాటిలో అసలు ఇంగువ తక్కువ, దాన్ని పొడిపొడిగా ఉంచడానికి కలిపిన గోధుమ పిండి ఎక్కువ. అంటే ఇన్నాళ్లూ "అన్నమేగా" అని పెట్టిన పులిహోర, చారు, ఆవకాయ అన్నింటిలోనూ ఉంది! బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుందని తర్వాత తెలుసుకున్నాం. ఇంకో చిత్రం, ఆస్ట్రేలియాలో కార్న్‌ఫ్లోర్ అని అమ్మే పొట్లాల్లో కొన్ని మొక్కజొన్నవి కావు, గోధుమ గంజితో చేసినవి. పొట్లం మీద 'వీటెన్ కార్న్‌ఫ్లోర్' అని రాసి ఉంటుంది. పావ్‌లోవాలో గోధుమ అక్కర్లేదని ఇందాక గొప్పగా చెప్పానా, ఆ ఒక్క చెంచాతో అంతా పోవచ్చు.

ఒక్క చెంచాకి, ఒక్క ముక్కకి ఏమవుతుంది? 2007లో ఇటలీ వైద్యులు దీన్నే కొలిచి చూశారు. రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు పొట్టలో పడితే చాలు, పేగు దెబ్బతింటుందని తేలింది. ఒక్క రొట్టె ముక్కలో రెండు గ్రాములు, అంటే దానికి నలభై రెట్లు, ఉంటుంది. పైకి నొప్పి రాకపోయినా లోపల నష్టం జరుగుతూనే ఉండొచ్చు. ఆ ఆంటీకి ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు ఇదీ.

ఈ విషయంలో ఈ దేశానికి దణ్ణం పెట్టాలి. 2008 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాముల వరకు గ్లూటెన్ ఉన్నా లేనట్టే లెక్క. మన దేశంలోనూ అంతే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో మాత్రం పరీక్షలో అసలు కనబడకూడదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం పదార్థాల జాబితాలో గోధుమ ఉంటే గోధుమ అని మామూలు మాటల్లో, లావు అక్షరాల్లో రాయాలి. డెబ్బై మందిలో సుమారు ఒకరికి సీలియాక్ ఉందని, వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదని ఇక్కడి సంస్థల అంచనా.

ఓవెన్లో దిబ్బరొట్టె

మా అమ్మాయి అబద్ధం చెప్పిన ఆ ఏడాది చివర్లో మా అమ్మ మెల్‌బోర్న్ వచ్చింది. గ్లూటెన్ లేని కేకు పొడి పొట్లాలతో మేం పడుతున్న పాట్లు నాలుగు రోజులు చూసింది. ఒక కేకు ఇసకలా రాలింది, ఇంకోటి ఇటుకలా బిగిసింది. పొట్లం వెనక జాంతన్ గమ్ అని ఉంది. గ్లూటెన్ జిగురు లేని లోటు తీర్చడానికి వేసే బంక అది. 1950లు, 60లలో అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలలో అల్లీన్ జీన్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సూక్ష్మజీవి నుంచి రాబట్టింది. నేను ఇదంతా అమ్మకి వివరించి చెప్పాను.

"జిగురు కావాలంటే మినప్పప్పు లేదట్రా ఈ ఊళ్లో?" అంది.

ఆ మాట వినేదాకా నాకు తట్టనేలేదు. గోధుమ రొట్టెలో గాలి బుడగల్ని పట్టి ఉంచేది గ్లూటెన్ అయితే, ఇడ్లీలో, దిబ్బరొట్టెలో ఆ పని చేసేది రుబ్బిన మినప్పప్పు జిగురే. పైగా కేకుకి గ్లూటెన్ పెద్దగా అక్కర్లేదు కూడా. బ్రెడ్డుకైతే అది ప్రాణం. కేకుకి అది ఎక్కువైతే గట్టిపడుతుంది. అందుకే గోధుమ మానేసినవాళ్లకి మంచి బ్రెడ్డు దొరకడం కష్టం గానీ మంచి కేకు కష్టం కాదు.

మరి ఓవెన్? మా నాయనమ్మకి ఓవెన్ లేదు. కుంపటి మీద మందపాటి గిన్నె పెట్టి, దిబ్బరొట్టె పిండి పోసి, మూత పెట్టి, మూతమీద కూడా నిప్పులు పోసేది. కింద సెగ, పైన సెగ. తాటిపళ్ల కాలంలో గుజ్జు తీసి బియ్యపురవ్వ, బెల్లం కలిపి తాటిరొట్టె కూడా అలాగే కాల్చేది. ఈ దేశపు పశువుల కాపరులు డాంపర్ కాల్చుకున్న ఇనప గిన్నె మ్యూజియంలో చూశాను. దాని మూతకి చుట్టూ అంచు ఉంది, ఎందుకంటే పైన నిప్పులు పోయడానికి! వాళ్లకి, మా నాయనమ్మకి ఒకరి మొహం ఒకరికి తెలియదు.

మా అమ్మ ఒక పాలు మినప్పప్పు నానబెట్టి రుబ్బింది. రెండు పాళ్లు బియ్యపురవ్వ కలిపి రాత్రంతా ఉంచింది. తాటిపండు ఇక్కడ లేదు గనక బాగా పండిన అరటిపళ్లు మెదిపింది. బెల్లం, కొబ్బరి, యాలకులు, నెయ్యి వేసి, కేకు గిన్నెలో పోసి ఓవెన్లో పెట్టింది. 180 డిగ్రీల్లో ముప్పావుగంట. పైన ఎర్రగా పెళుసుగా, లోపల మెత్తగా వచ్చింది. మా అమ్మాయి ఒక ముక్క తిని, రెండోది తిని, "నాయనమ్మా, ఇది కేకే కదా?" అంది. "కేకు గీకు నాకు తెలీదమ్మా, రొట్టె" అంది మా అమ్మ. దానిమీదే కొవ్వొత్తులు పెట్టాం ఆ ఏడు. అరటిపళ్లు వేస్తుంటే నాకు అమెరికా డాక్టరు హాస్ గుర్తొచ్చాడు. మహిమ అరటిపండులో లేకపోయినా రుచి మాత్రం ఉంది.

ఆ తర్వాత లెక్క వేసుకుంటే మన పిండివంటల్లో సగానికి సగం మాకు పనికొచ్చేవే. అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, పూర్ణం బూరెలు, పాకుండలు, బందరు లడ్డు, చలిమిడి, తెలంగాణ సకినాలు. కాజాలు, గవ్వలు, రవ్వలడ్డు, మైదా బొబ్బట్లు, మాడుగుల హల్వా మాత్రం చూసి ఆనందించడమే. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. మేం పిండి మార్చాం, రొట్టె మాత్రం మానలేదు.

చివరగా రెండు మనవులు

ఒకటి. ఎంతకీ తగ్గని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల లేకపోవడం, కారణం తెలియని కడుపునొప్పి ఉంటే "మనవాళ్లకి ఇలాంటివి రావు" అనుకోకుండా డాక్టరుని అడగండి. మొదట రక్తపరీక్ష, తర్వాత అవసరమైతే ఎండోస్కోపీ. అయితే పరీక్షకి ముందే సొంతంగా గోధుమ మానేయకండి. మానేస్తే పరీక్షలో జబ్బు కనిపించకుండా పోతుంది.

రెండోది, మహాసభల వంటశాలలో చెమటోడ్చే కార్యకర్తలకి. కిందటిసారి ఒక సభకి వెళ్లినప్పుడు వేలమంది భోజనాల మధ్య మా అమ్మాయి, నేను ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుకుని ఒక మూల కూర్చున్నాం. తప్పు ఎవరిదీ కాదు, మేం అడగలేదు, వాళ్లకి తెలియదు. ఇప్పుడు అడుగుతున్నాను. ప్రత్యేకంగా వండక్కర్లేదు. ప్రతి గిన్నె పక్కన అందులో ఏముందో ఒక చిన్న చీటీ, ఇంగువతో సహా. కాజాల గరిటె సున్నుండల పళ్లెంలో పడకుండా వేరే గరిటె. పూరీలు వేయించిన నూనెలో గారెలు వేయకుండా వేరే మూకుడు. అంతే. డెబ్బై మందిలో ఒకరన్న లెక్క ప్రకారం మూడు వేలమంది వచ్చే సభలో నలభైమందికి పైగా ఉంటారు. అందులో సగం మంది "నాకు స్వీట్లు ఇష్టం లేదు" అని అబద్ధం చెబుతూ ఉండొచ్చు.

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్లు దాటాయి. తనే పావ్‌లోవా చేస్తుంది, పొట్లం మీద మొక్కజొన్న అని ఉందో లేదో రెండుసార్లు చదివి మరీ. ఈసారి సభలకి తన వంతుగా రెండు గిన్నెల అరటిపళ్ల దిబ్బరొట్టె కాల్చి తెస్తానంటోంది. పక్కన చీటీ కూడా తనే రాస్తుందట. అటుగా వచ్చినప్పుడు ఒక్క ముక్క రుచి చూడండి. ఒక్క ముక్కకి ఏమవుతుంది!